పీపీ నంబర్

శుక్రవారం పొద్దున హాల్ టికెట్ల కోసం వచ్చిన ఆరుగురు ఆడపిల్లల్లో ఒక్కరి పేరే కంప్యూటర్‌లో దొరికింది. పూజ అనే పిల్ల పేరు. మిగిలిన అయిదుగురి పేర్లూ పుట్టిన తేదీలూ సుమన ఒకటికి రెండుసార్లు కొట్టి చూసింది. కొట్టిన ప్రతిసారీ తెర మీదికి తెల్లటి పేజీ వచ్చింది. దాని నడుమ, రికార్డు దొరకలేదని ఇంగ్లీషులో ఒక ఎర్రటి ముక్క. ఆ ఎర్ర రంగు పెట్టింది కూడా సుమనే.

బల్మూర్ దాటి ఇంకా లోపలికి పోవాలి వాళ్ల ఊరు. చీకటితో లేచి ఆటో ఎక్కి, బల్మూర్‌లో బస్సు పట్టుకొని, నాగర్‌కర్నూల్‌లో ఇంకో బస్సు మారి వనపర్తి చేరేసరికి పదయింది. తోడుగా వచ్చిన పెద్దమనిషి కిష్టమ్మ ఒక్కతే. 'చెప్పులు బయట విడువవలెను' అని తలుపు మీద రాసిన సంగతి పిల్లలు చెబితే, చెప్పులు మెట్ల కిందే విడిచి, సిమెంటు మెట్ల మీద ఉత్త కాళ్లతో పైకొచ్చింది. కంప్యూటర్ వంక చూడకుండా సుమన మొహం వంకే చూస్తూ నిలబడింది.

ఒక ట్రస్టు వాళ్లు గద్వాలలో నర్సు ట్రెయినింగ్ ఉచితంగా ఇస్తామన్నారు. మూడేళ్ల చదువు, హాస్టలు, తిండి, ఆ తర్వాత వాళ్ల దవాఖానాల్లోనే ఉద్యోగం. నలభై సీట్లు. ఇంటర్ పాసైన ఆడపిల్ల ఎవరైనా ఆదివారం వనపర్తిలో పరీక్ష రాయవచ్చు. దరఖాస్తులు కంప్యూటర్‌లో ఎక్కించి హాల్ టికెట్లు ఇచ్చే పని భాస్కర్ సార్ నడిపే కంప్యూటర్ సెంటర్‌కు దక్కింది. అందుకు ఇంటర్నెట్‌లో పేజీ తయారు చేసింది అక్కడ పాఠాలు చెప్పే సుమన. టౌనులో పిల్లలు ఆ పేజీ తెరిచి సొంతంగా నింపుకున్నారు. ఊళ్ల నుంచి కాగితం ఫారాలు కట్టలుగా వస్తే సెంటర్‌లో టైపు పని చేసే షాహెదా కూర్చొని అదే పేజీలో ఎక్కించింది. ఆ రోజుల్లో వనపర్తిలో పీహెచ్‌పీ స్క్రిప్టు, అంటే అట్లాంటి పేజీని వెనక నుంచి నడిపే ప్రోగ్రాం, రాయగలిగిన ఆడమనిషి, ఆ మాటకొస్తే మగమనిషి కూడా, తనొక్కతేనని సుమనకు తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా ఆమెకు బాగా వచ్చు.

“మల్లొక్కసారి సూడు మేడం,” అంది కిష్టమ్మ. “బాలనాగమ్మ. నా బిడ్డ. ఫస్టు క్లాసుల పాసయింది.”

వెనక ముప్పై మంది నిలబడి ఉన్నారు. కరెంటు ఏ క్షణాన పోతుందో తెలియదు. సుమన కీబోర్డు మీంచి చేతులు తీసి, మాట తెంపేయడానికన్నట్టు అంది. “మీ ఫారాలు మా దాంక రాలేదేమో అమ్మా. వచ్చినవన్ని ఎక్కించినం.”

ఆ మాట ఎంత దూరం పోతుందో ఆమె ఆలోచించలేదు. కిష్టమ్మ మెల్లగా పూజ వైపు తిరిగింది. ఆ పిల్ల చేతిలోని హాల్ టికెట్ వంక చూసింది. “ఫారాలన్ని కట్టగట్టి బల్మూర్ల ఇచ్చొచ్చింది మీ నాయినే గద?”

“అన్ని ఇచ్చిండు పెద్దమ్మా. నా ముందటనే కట్టిండు.”

“మరి నీదొక్కటే ఎట్ల ముట్టింది?”

పూజ సుమన వంక చూసింది, ఈ మేడమైనా ఏదో ఒకటి చెబుతుందని. సుమన అప్పటికే తర్వాతి పేరు పిలిచింది. పూజ హాల్ టికెట్‌ను నాలుగు మడతలు పెట్టి, ఇంకా మడవడానికి లేకపోతే గుప్పిట్లో దాచుకుంది. కాసేపటికి సుమన కిటికీలోంచి చూస్తే బస్టాండు వైపు కిష్టమ్మ, అయిదుగురు పిల్లలు ఒక గుంపుగా పోతున్నారు. రోడ్డుకు ఇవతలి పక్కన పూజ ఒక్కతే నడుస్తోంది. పాపం అనిపించింది సుమనకు. పాపం అనిపించింది మిగిలిన అయిదుగురిని చూసి. సొంత బిడ్డ కోసం ఊరి పిల్లల ఫారాలు పారేసిన ఆ తండ్రి ఎవడో గాని ఎంత నీచుడు అనుకుంది.

*

శనివారం ఏడు గంటల బ్యాచ్‌లో నలుగురే ఉన్నారు. సుమన వాళ్లకు పీహెచ్‌పీ మొదటి పాఠం చెప్పింది. మామూలు పేజీ గోడకు అంటించిన పోస్టర్, ఎవరొచ్చి చూసినా అదే బొమ్మ. స్క్రిప్టుతో నడిచే పేజీ అట్లా కాదు, అడిగిన మనిషిని బట్టి అప్పటికప్పుడు తయారవుతుంది. మీరు బటన్ నొక్కితే మీరు నింపింది సర్వర్‌కు పోతుంది. అక్కడ స్క్రిప్టు దాన్ని చదువుకొని, డేటాబేస్‌ను అడిగి, ఈ మనిషికి ఏం చూపించాలో తేల్చి, ఆ ముక్క మాత్రం పంపిస్తుంది. స్క్రిప్టును మనం చూడొచ్చా మేడం అని ఒక పిల్లాడు అడిగాడు. ప్రతి బ్యాచ్‌లో ఎవడో ఒకడు అడిగేదే. సుమన మౌస్ కుడి బటన్ నొక్కి, 'వ్యూ సోర్స్' తెరిచి, పైనుంచి కిందికి జరిపి చూపించింది. అన్నీ ఉత్త ట్యాగులే. “ఏమన్నా కనపడుతుందా? స్క్రిప్టు బయటికి రాదు. దాని జవాబే బయటికొస్తది.” ఈ మాట అనడం ఆమెకు చాలా ఇష్టం.

క్లాసు అయ్యాక పరీక్ష గేటు దగ్గర పెట్టాల్సిన పేర్ల లిస్టు ప్రింటుకు ఇచ్చింది. డాట్ మాట్రిక్స్ ప్రింటర్ గీపెడుతూ కాగితం కక్కుతుంటే, షాహెదా అంచుల చిల్లుల పట్టీలు చింపి పేజీలు వరుసగా పేర్చసాగింది. ఇరవై ఏళ్ల పిల్ల, ఏ పని చేసినా నోరు కదుపుతూ చేస్తుంది. నంబర్లు పైకి చదువుకుంటూ చదువుకుంటూ ఆగింది.

“అక్కా, నంబర్లు నడుమనడుమ దుంకుతున్నయేంది? ఎనిమిది వందల నలభై తర్వాత సీదా నలభై ఆరుంది.”

నలభై ఆరు ఎవరిదని అడిగింది సుమన, అంత పట్టించుకోకుండానే. పూజ అనే అమ్మాయిది, బల్మూర్ అవతలి ఊరు. షాహెదా నవ్వింది. ఆ ఊరివి ఆరు ఫారాలు ఒక్క ఊపులోనే తాను కొట్టిందట. అన్నిటి మీదా ఒకే ఫోన్ నంబరట. ఆరుసార్లు కొట్టేసరికి అది నోటికొచ్చేసిందని, గడగడా అప్పజెప్పింది కూడా.

ఆరు ఫారాలు. ఒకటే నంబరు. సుమన కంప్యూటర్ ముందు కూర్చొని తను రాసిన ఫైలు తెరిచింది. తను మార్చిన ఆ ఒక్క లైను కోసం వెతకనక్కర్లేదు, ఎక్కడుందో ఆమెకు తెలుసు.

మొదటి వారంలో టౌను అమ్మాయి ఒకతె బటన్ మూడుసార్లు నొక్కి మూడు హాల్ టికెట్లు తెచ్చుకుంది. ట్రస్టు వాళ్లు నవ్వారు. భాస్కర్ సార్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే సుమన మరమ్మతు చేసింది. ఒక ఫోన్ నంబరు రెండుసార్లు ఉండకూడదని డేటాబేస్‌కు చెప్పింది. స్క్రిప్టులో 'ఇన్సర్ట్' అన్నచోట 'రీప్లేస్' అని మార్చింది. ఉన్న నంబరే మళ్లీ వస్తే పాత వరుస తీసేసి, దాని జాగాలో కొత్త వరుసను కొత్త సీరియల్ నంబరుతో పెడుతుంది. ఒక మనిషి, ఒక ఫోను, ఒక హాల్ టికెట్. తన సెల్ నంబరుతోనే మూడుసార్లు కొట్టి చూసుకుంది. బ్రహ్మాండంగా పనిచేసింది.

కాని ఊళ్లలో ఫోను మనిషికొకటి ఉండదు. నలభై ఇళ్లకు ఒకటి ఉంటుంది, ఏ కిరాణా కొట్టులోనో. పెండ్లి కార్డుల మీద, బడి రిజిస్టర్లలో, వలస పోయినవాళ్ల జేబుల్లోని చీటీల మీద అందరూ ఆ నంబరే రాసి పక్కన 'పీపీ' అని పెడతారు, అంటే ఇది మాది కాదు, పక్కింటివాళ్లది, చేస్తే పిలుస్తారు అని. ఫారంలో ఫోన్ నంబరు తప్పనిసరి అని రాసింది సుమనే. పీపీ అన్న రెండక్షరాలు షాహెదా కొట్టలేదు, అంకెలు తప్ప వేరే ఏదీ పట్టకుండా పేజీలో ఆ గడిని కట్టడి చేసింది కూడా సుమనే. కొత్తకోటలో హైవే పక్కన పంక్చర్ కొట్టు రామన్న కూతురు ఆమె. ఇంటర్ ఫారంలో తను రాసింది ఎదురుగా ఉన్న ధాబా నంబరు, పక్కన పీపీ. సెల్ ఫోన్ కొనుక్కొని రెండేళ్లే అయింది. రెండేళ్లకే ఇంతగా మరిచిపోయినందుకు సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

చివరి సీరియల్ నంబరు పదకొండు వందల ఇరవై ఏడు. డేటాబేస్‌లో ఉన్నవాళ్లు ఆరు వందల పదకొండు మంది.

మూలనున్న అట్టపెట్టెలోంచి బల్మూర్ కట్ట బయటికి తీసింది. కిరాణా పురికొసతో నీటుగా కట్టి ఉంది. ఆరుకు ఆరు ఫారాలూ ఉన్నాయి. అన్నిటికంటే పైన బాలనాగమ్మది, అన్నిటికంటే కింద పూజది. ఊరి పిల్లలవి ముందు పెట్టి, సొంత బిడ్డది చివర పెట్టి కట్టాడు ఆ తండ్రి. షాహెదా పైనుంచి ఒక్కొక్కటే తీసి కొట్టింది. ఒక్కొక్కటీ దాని ముందుదాన్ని చెరిపేసింది. చిట్టచివరిది మిగిలింది.

సుమన చెప్పింది భాస్కర్ సార్ మొత్తం విన్నాడు. అరవలేదు. వేళ్ల మీద లెక్క చెప్పాడు. రేపు పొద్దునే పరీక్ష. ఆరు వందల పదకొండు మందికే పేపర్లు కొట్టించారు, అన్ని బెంచీలే వేశారు. అయిదు వందల పైచిలుకు పిల్లలకు ఇప్పుడు ఎవరు చెబుతారు, చెప్పినా ఎక్కడ కూర్చోబెడతారు. ఆయన అడిగిన వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. ఒక్కో నంబరుకూ ఫోన్ చేస్తానంది సుమన. చేసి ఏమంటావని అడిగాడు. మేము చెరిపేశాం అంటావా. అంటే పొద్దుటికల్లా సెంటర్‌కు తాళం పడుతుంది, నువ్వూ షాహెదా రోడ్డున పడతారు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“స్క్రిప్టు మన సర్వర్ల ఉంటది సుమనా. బయటోళ్లకు కనపడేది పేజీ ఒక్కటే. నువ్వే చెప్తవ్ గద పిల్లలకు.”

ఇంకో పని కూడా చెప్పాడు. రికార్డు దొరకలేదు అంటే జనం ఎందుకు దొరకలేదని అడుగుతారు. ఆ మాట తీసేసి, దరఖాస్తు సరిగ్గా నింపనందున తిరస్కరించాం అని వచ్చేట్టు మార్చమన్నాడు. అప్పుడు ఎవరూ ఏమీ అడగరట.

రోడ్డు నాలుగు వరుసలు చేస్తున్నారని నెల కిందటే రామన్న కొట్టు లేపేశారు. ఇల్లు నడుస్తోంది సుమన జీతం మీదే. ఆ మాట తనకు తాను చెప్పుకుంటూ కూర్చొని ఆ ఇంగ్లీషు వాక్యం కొట్టింది. నిమిషం పట్టలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా సేవ్ చేసింది.

మధ్యాహ్నం తిండి వేళకు కిందికి దిగి, షాహెదా అప్పజెప్పిన నంబరుకు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. రెండోసారి చేసింది. ఎత్తలేదు. ఫోన్ పెట్టేస్తుంటే గుండె మీంచి బరువు దిగినట్టయింది. ఎత్తి ఉంటే ఏం చెప్పేదో ఆమెకు నిజంగానే తెలియదు.

*

ఆదివారం పరీక్ష జరిగే కాలేజీ గేటు పక్కన షామియానా కింద లిస్టు ముందు పెట్టుకొని కూర్చుంది. పేర్లు ఉన్నవాళ్లు లోపలికి పోయారు. లేనివాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి బల్ల మీదికి వంగారు. ఆమె చెప్పాల్సింది ఒకటే వాక్యం, దరఖాస్తు సరిగ్గా నింపలేదు. భాస్కర్ సార్ అన్నట్టే ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడమే చూడలేకపోయింది సుమన. ప్రతి పిల్లా తప్పు తనదే అనుకుంది. తలకు రుమాలు చుట్టుకున్న ఒక రైతు, ఫారం నింపడం కూడా రాకపోతే పన్నెండేళ్లు ఏం చదివినవ్ అని నలుగురిలో కూతుర్ని తిట్టాడు. ఆ పిల్ల, పేరు పెద్దక్షరాల్లోనే రాసిన నాయినా, అంటూ ఏడుస్తూ ఆయన వెనకే పోయింది.

ఆ పొద్దంతా సుమన ఒక్క ఆశను పట్టుకొని కూర్చుంది. పూజ వాళ్ల ఊరి నుంచి అయిదుగురు పోయినా ఒక్కతైనా రాస్తుంది కదా. సొంత బిడ్డను చివర పెట్టిన ఆ తండ్రికి ఆ మాత్రం మేలైనా జరుగుతుంది కదా. పరీక్ష అయ్యాక సంతకాల కాగితాలు వస్తే ముందు అదే వెతికింది. ఎనిమిది వందల నలభై ఆరుకు ఎదురుగా సంతకం లేదు. ఆ బెంచీ పొద్దున్నుంచీ ఖాళీగానే ఉందని లోపల కాపలా ఉన్న సారు చెప్పాడు.

సాయంత్రం సెంటర్ తాళం తీసి, అట్టపెట్టె నేల మీద బోర్లించి, ఫారాలన్నీ ఫోన్ నంబర్ల ప్రకారం ఏరింది. ఒకే నంబరున్నవి ఒక దగ్గర వేసి రబ్బరు బ్యాండ్లు తగిలించింది. కొన్ని మూడేసి, కొన్ని పది దాకా. తొంభై ఏడు కట్టలయ్యాయి. కట్టల నడుమ కూర్చొని చాలాసేపు ఏడ్చింది. ఏడిస్తే ఏం తేలుతుంది, ఏమీ తేలలేదు.

*

సోమవారం సెంటర్‌కు పోకుండా నాగర్‌కర్నూల్ బస్సెక్కింది. బల్మూర్‌లో దిగి, ఆటోలో ఇరుక్కొని, ఆ ఊరు చేరేసరికి రెండు దాటింది. పూజ తండ్రి వెంకటన్న కొట్టు ఎక్కడని అడిగితే ఒక ముసలాయన చేయి చూపించి మొహం తిప్పుకున్నాడు.

వెంకటన్న కొట్టులో సబ్బులు, బీడీ కట్టలు, ఉప్పు బస్తా, గల్లాపెట్టె పక్కన ఫోను. ఫోను మీద తువ్వాల కప్పి ఉంది. వైరు ఊడదీసి చుట్టచుట్టి దాని పక్కనే పెట్టాడు. గిరాకీ ఒక్కరూ లేరు. మెట్టు మీద కూర్చొని చాటలో బియ్యం ఏరుతున్న పూజ, సుమనను చూసి లేచి నిలబడింది.

“ఎందుకు రాలేదమ్మా పరీక్షకు?”

“పొద్దున్నుంచి పొద్దుమీకెదాంక గీ మెట్టు మీదనే కూసున్న మేడం,” అంది పూజ. “అందరు సూడాలెనని. నేను పోలేదని సూడాలెనని.”

వెంకటన్న కొట్టులోంచి బయటికి రాలేదు. లోపలి నుంచే, ఎవరికీ కాదన్నట్టుగా, జరిగింది చెప్పాడు. శుక్రవారం పొద్దుగూకే వేళకు కిష్టమ్మ కొడుకు పునా నుంచి ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే లైన్లో ఉండమని చెప్పి ఈయన వాళ్ల ఇంటికి పోయి పిలిచాడు. కిష్టమ్మ మొహం మీదే తలుపేసుకుంది. శనివారం ఇంకో ఇద్దరికి వచ్చాయి. వాళ్లూ రాలేదు. ఎక్కడో బొంబాయిలో బిల్డింగు పని చేసుకునే పిల్లలు తల్లి గొంతు కోసం లైన్ పట్టుకొని ఉంటే, రావడం లేదు బిడ్డా అని తను చెప్పాలి. ఇక ఎత్తలేకపోయాడు. మోగుతుంటే వినలేక వైరు పీకేశాడు. కూతుర్ని పరీక్షకు పొమ్మని ఆదివారం పొద్దున బతిమాలాడట. నిన్ను దొంగ అన్నంక నేను నర్సునయి ఏం జేస్త నాయినా, అన్నదట ఆ పిల్ల.

శనివారం మధ్యాహ్నం తాను విన్న ఆ మోత ఈ తువ్వాల కింది నుంచే మోగిందన్నమాట. సుమన నీచుడు అనుకున్నది ఈ మనిషినే.

పూజ పిలిస్తే ఎవరూ రారు. సుమనే ఇల్లిల్లూ తిరిగింది. వనపర్తి కంప్యూటర్ మేడం వచ్చిందని వినేసరికి, ఏమైనా మళ్లీ అవకాశం ఉందేమోనని అయిదిళ్లవాళ్లూ వచ్చారు. కొట్టు లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డారు. కిష్టమ్మ చేతులకు ఇంకా చేను మట్టి ఉంది. సుమన సర్వర్ అని మొదలుపెట్టి ఆగిపోయింది, స్క్రిప్టు అని మళ్లీ ఆగిపోయింది. పక్కనున్న ఒక బడి పిల్ల చేతిలోంచి పలక, బలపం అడిగి తీసుకుంది.

పలక పైభాగాన ఫోన్ నంబరు రాసి గీత గీసింది. ఇది వెంకటన్న ఫోను. మా కంప్యూటర్‌లో ఒక ఫోనుకు ఒక్క పేరుకే జాగా పెట్టాను అని చెప్పింది. గీత కింద బాలనాగమ్మ అని రాసింది. అరచేత్తో తుడిచింది. అదే జాగాలో రెండో పిల్ల పేరు రాసింది. తుడిచింది. మూడు, నాలుగు, అయిదు. తుడిచినప్పుడల్లా వాకిట్లో ఎవరో ఒకరు ఊపిరి గట్టిగా పీల్చుకోవడం వినిపించింది. ఆరోది పూజ అని రాసి, బలపం కింద పెట్టి, పలక అందరికీ కనబడేట్టు ఎత్తి పట్టుకుంది. సుద్ద అంటిన ఆమె అరచేయి తెల్లగా ఉంది.

కిష్టమ్మకు చదువు రాదు. కాని తుడవడం చూసింది. “ఎవరు తుడిచిన్రు?” అని అడిగింది.

“మా స్క్రిప్టు...” అని, ఆ మాట ఆ వాకిట్లో ఎవరికీ అక్కరకు రాదని సుమనకు అర్థమైంది. “నేనే తుడిచిన పెద్దమ్మా. తెల్వక తుడిచిన. శనివారం నాడు తెలిసింది. తెలిసినంక గూడ చెప్పలే. మీరే ఫారాలు సరిగ నింపలేదని కంప్యూటర్‌ల రాసిన.”

బాలనాగమ్మ అన్న సన్నటి పిల్ల తల్లి వెనక నుంచి, పరీక్ష మళ్లీ పెడతారా అని అడిగింది. సుమన తల అడ్డంగా ఊపింది. ట్రస్టు వాళ్ల దగ్గరికి పోయి అంతా చెబుతానని, వింటారో లేదో తెలియదని చెప్పింది. వాళ్ల ఊరి నుంచి ఒక్కతి కూడా పరీక్ష రాయలేదు, ఇక రాయబోదు. ఆ సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు.

“నోటితోని జెప్తె రేపు నువ్వుండవు, మేముంటం,” అంది కిష్టమ్మ. “కాయితం మీద రాసియ్యి.”

పూజ నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి ఇచ్చింది. సుమన ఉప్పు బస్తా మీద పెట్టి రాసింది. ఆరు ఫారాలూ మాకు ముట్టినవి, వెంకటన్న అన్నిటినీ పంపినాడు, అయిదు పేర్లు పోవడానికి నేను రాసిన ప్రోగ్రాం తప్పు తప్ప వేరే ఎవరి తప్పూ లేదు. కింద పేరు, తండ్రి పేరు, సెంటర్ పేరు రాసి సంతకం పెట్టింది. ఈ కాగితం వనపర్తి చేరితే ఉద్యోగం ఉండదని తెలిసే పెట్టింది. కిష్టమ్మ కాగితం అందుకొని పూజ చేతికిచ్చింది, అందరికీ వినపడేట్టు చదవమని. పూజ చదివింది. తండ్రి పేరు వచ్చినచోట ఆగి, ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి చదివింది.

కిష్టమ్మ అప్పుడు మెట్టెక్కి కొట్టు గడప దగ్గర నిలబడింది. “వెంకటన్నా. మా పోరడు మల్ల ఫోన్ జేస్తె పిలువు.”

వెంకటన్న వైరు చుట్ట వంక చూశాడు గాని లేవలేదు. “పిలుస్త,” అన్నాడు. “నాలుగు దినాల నుంచి ఒక్కరన్న వచ్చి, ఏమయింది వెంకటన్నా అని నన్ను అడగలే వదినా. ఒక్కరన్న.”

కిష్టమ్మ కొంగుతో చేతుల మట్టి తుడుచుకుంటూ నిలబడి, తర్వాత మెట్టు దిగింది. వాకిట్లోవాళ్లు ఒక్కరొక్కరే కదిలారు. ఒకామె మాత్రం పావుకిలో చక్కెర ఇవ్వమని కొట్టులోకి పోయింది.

సుమన బ్యాగు భుజానికి తగిలించుకొని ఆటో ఆగే చోటికి నడిచింది. చెప్పాల్సింది చెప్పేసింది, సంతకం పెట్టేసింది. ఉద్యోగం పోతే పోయింది, ఈ రాత్రికి నిద్ర పడుతుంది అనుకుంది. కిష్టమ్మ ఆమె వెనకే వచ్చి తన ఇంటి ముందు ఆపింది.

“గీ తీర్గ ఇంక ఎన్ని ఊర్లున్నయి బిడ్డా?”

“తొంభై ఏడు. మీ ఊరు పోతె తొంభై ఆరు.”

“గా ఊర్లల్ల గూడ ఒక్కొక్క వెంకటన్న ఉంటడు గద.”

ఆదివారం సాయంత్రం ఆ కట్టలన్నిటికీ రబ్బరు బ్యాండ్లు వేసింది సుమనే. ఒక్కో కట్టలో పోయిన పిల్లలను చూసింది గాని, ప్రతి కట్టలోనూ చివరికి మిగిలిన ఆ ఒక్క పిల్లనూ, ఫోనున్న ఆ ఇంటినీ చూడలేదు. ఈ నిమిషాన ఎన్ని వాకిళ్ల ముందు ఎవరూ నడవడం లేదో, ఎన్ని ఫోన్ల మీద తువ్వాలలు కప్పి ఉన్నాయో. ఆ ఊళ్లవాళ్లకు చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో తనొక్కతే.

“ఉంటడు,” అంది.

కిష్టమ్మ లోపలికి పోయింది. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతిలో సత్తు గిన్నె, అందులో రెండు జొన్న రొట్టెలు, ఎర్రకారం ఉన్నాయి. గిన్నె అరుగు మీద పెట్టింది. మొహంలో కోపం ఏమీ తగ్గలేదు.

“తిను. తొంభై ఆరు ఊర్లు తిరగాలె నువ్వు. ఉత్త కడుపుతోని ఎట్ల తిరుగుతవ్.”

సుమన బ్యాగు దించి అరుగు మీద కూర్చుంది. సుద్ద అంటిన చేయి చీరకు తుడుచుకొని రొట్టె తుంచింది.